గోడ మీది వీరులు

మా నాయకుడిగారి ఇంట్లో, హాల్లో ఎదురుగోడకి ఆరు మేకులున్నాయి. ఆయనగారు ప్రస్తుతం ఏ పక్షంలో ఉన్నారో తెలియాలంటే పేపరు చూడక్కర్లేదు, ఆ మేకులకి ఎవరు వేలాడుతున్నారో చూస్తే చాలు. ముఖ్యమంత్రితో నాయకుడిగారు దిగిన ఫొటోలుంటే అధికారపక్షం. తిలక్, భగత్‌సింగ్, అల్లూరి గంధపు దండలతో కనిపిస్తే ప్రతిపక్షం. ఇప్పటికి మూడు పార్టీలు మారాయి. మేకులు మాత్రం అవే.

ఓ పత్రికకి కంట్రిబ్యూటర్‌గా ఆయన ప్రెస్‌మీట్లకి చాన్నాళ్లుగా వెళ్తున్నాను. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం పెసరట్టు, ఉప్మా పెడతారు. అధికారంలోకి రాగానే అది రెండు బిస్కెట్లకి దిగిపోతుంది. అందుకని మా విలేకర్లందరికీ ఆయన ఓడిపోవాలనే ఉంటుంది, పైకి అనం.

రాజద్రోహం సెక్షను మీద దేశంలో ఎక్కడ చర్చ లేచినా మాకు ఫోనొస్తుంది. 2022 మే 11న సుప్రీంకోర్టు 124ఏని పక్కన పెట్టించిన రోజు సాయంత్రం కూడా వచ్చింది. వెళ్లేసరికి టేబుల్ మీద గొట్టాలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. నాయకుడిగారు కండువా సర్దుకుని, కెమెరాలో వెనక అల్లూరి పడుతున్నాడో లేదో ఒకసారి చూసుకుని, చిన్న గొంతుతో మొదలుపెట్టారు. 1870లో తెల్లవాడు ఈ సెక్షను తెచ్చాడు. 1908లో తిలక్ మహాశయుణ్ణి ఆరేళ్లు మాండలే పంపాడు. 'మాండలే' దగ్గర ఆయన గొంతు జీరపోతుంది, మంచినీళ్ల గ్లాసు అందుకుంటారు. ఎన్నిసార్లు విన్నా అక్కడే, అదే మోతాదులో జీర. 1922లో గాంధీగారికీ ఆరేళ్లే పడ్డాయి. కానీ అక్కడ జీర ఉండదు, గొంతు పైకి లేస్తుంది.

భగత్‌సింగ్ దగ్గరికొచ్చేసరికి పీఏ కుర్రాడు చెవి దగ్గర వంగాడు. లా చదివిన కుర్రాడు, పాపం.

"సార్, భగత్‌సింగ్‌ని ఉరితీసింది సాండర్స్ హత్య కేసులో సార్. 124ఏ కాదు."

"ఉరి తీశారా లేదా?"

"తీశారు సార్."

"మరింకేంటి?"

"అల్లూరిని అసలు కోర్టుకే తీసుకెళ్లలేదు సార్. 1924 మే 7న కొయ్యూరులో పట్టుకున్నరోజే కాల్చేశారు."

"అది ఇంకా ఘోరం కదయ్యా! రాసివ్వు, వాడేద్దాం."

టిఫిన్ల దగ్గర నేనూ కొంచెం ఉత్సాహపడ్డాను. "అంత దూరం ఎందుకండీ, మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఉన్నారుగా. 1908లోనే బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపి, ఇదే సెక్షను కింద జైలుకెళ్లారు" అన్నాను. నాయకుడిగారు పెసరట్టు ముక్క చట్నీలో ముంచుతూ శ్రద్ధగా విన్నారు. విని, గొంతు తగ్గించి అడిగారు: "ఆయనది ఏ సామాజికవర్గం?" చెప్పాను. మన నియోజకవర్గంలో వాళ్ల ఓట్లెన్నని పీఏ వైపు చూశారు. పీఏ పెదవి విరిచాడు. గాడిచర్లగారికి ఏడో మేకు పడలేదు.

అంతకుముందు ఆయన అధికారంలో ఉన్న రోజుల్లో ఒకసారి, ఇసుక లారీల మీద ఓ డిగ్రీ కుర్రాడు ఫేస్‌బుక్‌లో బొమ్మ వేసి పెట్టాడు. బొమ్మలో ఇసుకగుట్ట మీద కండువా. మొహం కూడా వెయ్యలేదు. నాయకుడిగారు నా ఎదురుగానే సీఐకి ఫోన్ చేశారు: "వాడి మీద ఆ నూట ఇరవై నాలుగు ఏ పడుతుందేమో చూడండి." నేను ఉండబట్టలేక, "అదేంటండీ, తిలక్‌గారి మీద పెట్టిందే కదా!" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "తిలక్‌గారు తెల్లోడి మీద పోరాడారయ్యా. వీడు నా మీద పోరాడుతున్నాడు!"

ఈ లక్షణం ఆయన సొంతంగా కనిపెట్టిందేం కాదనుకోండి. ఆ సెక్షను అసహ్యమైనదని 1951లో నెహ్రూ పార్లమెంటులోనే అన్నారు. అన్నారేగానీ తియ్యలేదు. 1973లో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడైతే వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలు కూడా చేర్చింది. తెల్లదొరలకే లేని వెసులుబాటు అది.

నా మట్టుకు నాకు, ఆ గోడ మీద ఒక మేకు దిన్షా దావర్‌కి ఇవ్వాలనిపిస్తుంది. 1897లో తిలక్ మీద మొదటి రాజద్రోహం కేసు పడినప్పుడు ఆయన తరఫున నిలబడి బెయిలు తెప్పించిన లాయరు దావరే. పదకొండేళ్లు తిరిగేసరికి జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా బోనులో మళ్లీ తిలకే. తిలక్ తన కేసు తానే ఇరవై ఒక్క గంటల పైచిలుకు వాదించుకున్నాడు. జ్యూరీ దోషి అంది, దావర్ ఆరేళ్లు వేశాడు. సెక్షనూ అదే, ముద్దాయీ అదే, మారింది దావర్ కూర్చున్న చోటొక్కటే. ఇంతకంటే మా నాయకుడిగారికి పూర్వీకుడెవరు దొరుకుతారు? ఒకసారి ఈ మాట చెబితే, "ఎవరయ్యా ఆ దావరు? విగ్రహం ఎక్కడుంది?" అన్నారు. లేదన్నాను. "అయితే వద్దులే."

ఆమధ్య ఎన్నికల్లో గాలి తిరిగింది, నాయకుడిగారు గెలిచిన పార్టీలో ఉన్నారు. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహం అనే మాట పోయింది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకి ముప్పు అంటూ 152వ సెక్షను వచ్చింది. యావజ్జీవం ఎలాగూ ఉంది. అది కాకపోతే వేసే జైలు వెనక మూడేళ్ల దాకా, ఇప్పుడు ఏడేళ్ల దాకా. మీ అభిప్రాయం చెప్పమని వెళ్లాను. "కాలానికి తగ్గ చట్టం" అన్నారు. మాండలే రాలేదు, జీరా రాలేదు. బిస్కెట్లొచ్చాయి.

పనివాడు స్టూలెక్కి అల్లూరిని కిందికి దించుతున్నాడు. తిలక్, భగత్‌సింగ్ అప్పటికే పాత దుప్పట్లో చుట్టుకుని మెట్ల కింద గదికి సిద్ధంగా ఉన్నారు. ముఖ్యమంత్రిగారి ఫొటో ఫ్రేము కొంచెం పెద్దదొచ్చింది, పాత కొలతలకి సరిపోలేదు. మేకులు పీకి కొత్తచోట కొట్టనా అని వాడు సుత్తి తీశాడు.

"ఒరేయ్, ఒరేయ్!" నాయకుడిగారు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి కేకేశారు. "కావాలంటే కొత్తవి కొట్టుకో. ఆ మేకుల జోలికి వెళ్లకు!"