షుగర్ ఉన్నవాళ్ళకు చెప్పకూడని ఐదు సలహాలు

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే చుట్టాలు, ఇరుగుపొరుగు తలా ఒక సలహా చెప్తారు. ప్రేమతోనే చెప్తారు. కానీ జింక్, సెలీనియం, రాగి లాంటివి ఒంటికి కావాల్సింది మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో. కొలత తప్పితే అవే హాని చేస్తాయి. తరచూ వినిపించే ఈ ఐదు సలహాలు దయచేసి ఎవరికీ ఇవ్వకండి.

1. "వదినా, నీకు జింక్ తక్కువుందట. రోజూ మాత్ర వేసుకో, షుగర్ అదే దిగుతుంది."

జింక్ ముఖ్యమైనదే. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ జింక్‌తో కలిసే నిల్వ ఉంటుంది. అయితే షుగర్ అదుపు తప్పినప్పుడు మూత్రంలో జింక్ ఎక్కువగా పోతుంది. అంటే చాలామందిలో ఆ లోటు షుగర్ తెచ్చిపెట్టినదే. షుగర్ దించకుండా జింక్ మింగడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. పెద్దవాళ్ళకు రోజుకు 40 మిల్లీగ్రాములు పైహద్దు. అంతకు మించి నెలల తరబడి వాడితే పేగులు రాగిని సరిగా పీల్చుకోవు. రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు రావచ్చు. ఆ తిమ్మిర్లు షుగర్ వల్లేననుకుని అందరూ పొరబడతారు.

2. "యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే కళ్ళు, కిడ్నీలు, నరాలు భద్రం."

రక్తంలో చక్కెర పెరిగితే కణాల్లోని మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ ఎక్కువగా పుట్టి రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. మైఖేల్ బ్రౌన్‌లీ 2001లో నేచర్ పత్రికలో ఈ సంగతి వివరించారు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటున్నది దీన్నే. అది నిజమే గానీ, మాత్ర దాన్ని ఆపుతుందన్నది రుజువు కాలేదు. గుండెజబ్బు ముప్పున్నవాళ్ళకు, అందులో షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఎందరో, హోప్ అనే పరీక్షలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. 2005లో వెలువడిన కొనసాగింపు ఫలితాల్లో హార్ట్ ఫెయిల్యూర్ పెరిగినట్టు కనిపించింది. దించాల్సింది చక్కెరను.

3. "సెలీనియం, క్రోమియం మంచివే కదా, ఎక్కువైతే ఏం పోతుంది?"

అమెరికాలో చర్మ క్యాన్సర్ నివారణకని కొందరికి రోజూ 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చారు. ఏళ్ళ తరబడి అది వాడినవాళ్ళలోనే టైప్ 2 డయాబెటిస్ ఎక్కువగా వచ్చిందని 2007లో తేలింది. క్రోమియం మీద 1950ల నుంచీ ఆశలున్నాయి. అయినా షుగర్ తగ్గించడానికి దాన్ని అందరూ వాడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఇప్పటికీ చెప్పడం లేదు. పప్పులు, శనగలు, నువ్వులు, గుడ్డు, చేప మితంగా తింటే ఈ ఖనిజాలు చాలామందికి సరిపడా అందుతాయి.

4. "నిమ్మకాయ పిండిన నీళ్ళు రాత్రి రాగి చెంబులో ఉంచి పరగడుపున తాగు."

పులుపు తగిలితే రాగి కరిగి నీళ్ళలోకి దిగుతుంది. కడుపులో తిప్పడం, వాంతులు దానివల్లే. పులుసు కాచే ముందు మన పెద్దవాళ్ళు ఇత్తడి గిన్నెకు కళాయి వేయించింది ఇందుకే. రాగి చెంబులో మంచినీళ్ళు తాగితే తాగండి, కానీ అది షుగర్‌కు మందు కాదు.

5. "ఆ ఇంగ్లీషు మందులు ఆపెయ్ బాబాయ్, ఈ భస్మం చాలు."

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇది. షుగర్‌కని నాటు మందులు, భస్మాలు వాడి ఒంట్లో సీసం పేరుకున్నవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో ఎన్నో నివేదికలు వచ్చాయి. షుగర్‌తో ముందే అలసిన కిడ్నీల మీద సీసం ఇంకో దెబ్బ. టైప్ 1 ఉన్నవాళ్ళు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

మరి ఏం చెప్పాలి? "ఈ మూడు నెలల హెచ్‌బీఏ1సీ ఎంత వచ్చింది?" అని అడగండి. "ఈ ఏడాది కళ్ళు, పాదాలు, కిడ్నీలు చూపించుకున్నావా?" అని గుర్తుచేయండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతూ కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే బీ12 పరీక్ష గురించి డాక్టర్ని అడగమనండి. ఇంట్లో ఉన్న బలం మాత్రలు, పొడులు, లేహ్యాలు అన్నీ ఒక సంచిలో వేసి డాక్టర్‌కు చూపించమనండి. వీలుంటే మీరే తోడు వెళ్ళండి.