ఏ గడికీ చెందని దొరను

నా మీద ఉన్న దొర ఎన్నడూ పుట్టలేదు. తలపాగా, మెలితిప్పిన మీసం, మెడలో ముత్యాల దండ, కుర్చీ చేతిమీద ఆనించిన ఎడమ చెయ్యి అన్నీ ఉన్నాయి. శిస్తు వసూలు చేసిన ఊరు మాత్రం లేదు. నల్లగొండ దగ్గరి ఒక పాత గడిలో తీసిన సినిమా కోసం నన్ను గీయించారు. కథలో ముసలి దొర పోయి చాలా ఏళ్లయింది. ఆయన కొడుకు వెట్టివాళ్ల మీద కేకలేస్తుంటే వెనక గోడ నుంచి నేను చూస్తూ ఉండాలి. అదీ నా పని.

నన్ను గీసినాయన నల్లగొండలో బోర్డులు రాసే ఆర్టిస్టు. దుకాణాల పేర్లు, ఎన్నికల గోడరాతలు, సినిమా హాళ్ల ముందు నిలబెట్టే బ్యానర్లు అన్నీ రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతికి పని తగ్గింది.

ఆర్ట్ డిపార్ట్‌మెంటు పిల్లగాడు ఒక నటుడి ఫొటో తెచ్చి, "అన్నా, ఎల్లుండి పొద్దుగాల షాటు. అప్పటికి గోడకెక్కాలె" అన్నాడు.

"ఆయిల్ రంగు ఆరొద్దా తమ్మీ?"

చేతికంటకుండా ఆరాలంటే ఆయిల్‌కు రోజులు పడతాయి. అందుకని ఒళ్లంతా త్వరగా ఆరే యాక్రిలిక్‌తో కట్టి, ముఖానికి మాత్రం టర్పెంటైన్ కలిపిన ఆయిల్ పల్చగా వేశాడు. ఫొటో మీద సన్నటి గళ్లు, నా గుడ్డ మీద పెద్ద గళ్లు గీసుకుని పోలిక దించాడు. అయితే ఫొటోలోని నటుడు మెతక మనిషి, కళ్లలో నవ్వు. ఆర్టిస్టు కుంచె పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "గడి ముందలకెల్లి పోతే చెప్పులు చేతవట్టుకోవాలె" అని వాళ్ల తాత చెప్పేవాడట. ఆ మాట తనలో తనే అనుకుంటూ సన్న కుంచె తీసి పైరెప్పను వెంట్రుకవాసి కిందికి దించాడు. నవ్వు పోయింది, నటుడి పోలిక పోలేదు. నా ప్రాణం ఆ రెప్పలోనే ఉంది.

ఆ తర్వాత నాకు వయసు పెట్టాడు. పచ్చిగా ఉన్న ముఖం వదిలేసి, మిగతా అంతా ముదురు గోధుమరంగు పల్చన చేసి పూసి, గుడ్డతో తుడిచాడు. ఫ్రేము మూలల్లో దుమ్ము కూరాడు. లైట్లు పడితే మెరుస్తుందని వార్నిష్ వేయలేదు. అయినా సెట్లో నా చెంప మీద తెల్లటి మచ్చ వచ్చింది, ఆయిల్ ఇంకా పచ్చిగా ఉండె మరి. ఫ్రేము వెనక చెక్కముక్క పెట్టి నన్ను కొంచెం ముందుకు వంచారు. మచ్చ పోయింది, దొర కూడా వంగి చూస్తున్నట్టయింది. కెమెరామన్‌కు అది నచ్చి అట్లాగే ఉంచాడు.

సినిమాల్లో నాలాంటి వస్తువులు చేసే పని ఇదే. గద్వాల సంస్థానం కథగా 2009లో వచ్చిన 'అరుంధతి' మీరు చూసే ఉంటారు. అందులోని బంగళా బనగానపల్లెది. గోడలు ఎక్కడివైనా, వాటికి వేలాడేవీ కింద పరిచేవీ కలిసి ఇది గద్వాలే అని మిమ్మల్ని నమ్మిస్తాయి. 1988 నాటి 'దాసి'ని తలచుకుంటే నాకెంతో గర్వం. తీసిన బి.నర్సింగరావు స్వయంగా చిత్రకారుడు. కళాదర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠానిది. దుస్తులు మిర్యాలగూడ సుదర్శన్‌వి. ఆ సినిమాకు వచ్చిన ఐదు జాతీయ అవార్డుల్లో వైకుంఠానిదీ, సుదర్శన్‌దీ ఉన్నాయి. సుదర్శన్‌ను చివరిదాకా జనం 'దాసి సుదర్శన్' అనే పిలిచారు. పనిచేసిన చేతిని గుర్తుపెట్టుకోవడమంటే అదీ.

బయటి దేశాల్లోనూ నా బంధువులున్నారు. 1945 నాటి 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' కోసం ఐవాన్ ఆల్‌బ్రైట్ గీసిన కుళ్లిన ముఖం ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 2014లో వచ్చిన 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్'లో అందరూ వెంటపడే 'బాయ్ విత్ ఆపిల్' మైకేల్ టేలర్ గీసినది. సినిమా కోసం పుట్టినా వాటికి తండ్రి పేరుంది.

నేను షూటింగ్ అయిపోగానే హైదరాబాదులో ప్రాపర్టీలు అద్దెకిచ్చే ఒక గోదాము చేరాను. ఇంకో సినిమాలో జడ్జిగారి నాన్ననయ్యాను. ఒక సీరియల్ కోసం తలపాగా మీద రంగు కొట్టి టోపీ పెట్టారు. పక్కనుంచి వెలుతురు పడితే తలపాగా అంచు ఇప్పటికీ ఉబ్బెత్తుగా తెలుస్తుంది. అందుకు నేనేమీ బాధపడను, వేషం మారడం సినిమావాళ్లకు మామూలే. నా బాధ వేరే. టైటిల్స్‌లో మా ఆర్టిస్టు పేరు లేదు. ఆయన నా వెనక పెన్సిల్‌తో పెట్టుకున్న సంతకం మీద గోదామువాళ్లు నంబరు చీటీ అతికించారు.

ఇప్పుడు ఫొటోను కాన్వాసు మీద ప్రింటు కొట్టించి, కుంచె జాడ కోసం పైన రంగులేని జిగురు పూస్తున్నారు. పని తొందరగా తెములుతుంది, నిజమే. కానీ నటుడి కళ్లలో నవ్వు ఉంటే ప్రింటులోనూ ఆ నవ్వే వస్తుంది. రెప్ప దించడానికి దొరల సంగతి తెలిసిన మనిషి కావాలి.

కళాదర్శకులకు నా మనవి ఒక్కటే. గడి కథ తీసేటప్పుడు ఆ జిల్లా ఆర్టిస్టునే పిలిచి పటం గీయించండి. టైటిల్స్‌లో ఒక్క వరుసలో ఆయన పేరు, ఊరు పేరు వేయండి.