ఇన్‌స్పెక్టరు గారి పళ్లు

ఆంధ్రప్రదేశ్‌లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం రావాలంటే పళ్లు శుభ్రంగా తోముకుని ఉండాలట. పావురం ఛాతీ, చదును పాదాలు, ఒకదానికొకటి రాసుకునే మోకాళ్లు ఉన్నవాళ్లు పనికిరారట. ఇదంతా 1914 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉందట. ‘భారతదేశంలో వింత చట్టాలు’ అంటూ ఏళ్ల తరబడి ఫోన్లలో ఊరేగుతున్న జాబితాల్లో మన రాష్ట్రం వాటాకి వచ్చిన ముక్క ఇది. పెదనాన్న వరస వాళ్లు పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుతో కలిపి పంపిస్తారు. గ్రూప్స్ కోచింగ్ కుర్రాళ్లు నోట్సులో రాసుకున్నా నేను ఆశ్చర్యపోను.

1914లో ఆంధ్రప్రదేశ్ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు. అప్పటికి కొందరం మద్రాసు ప్రెసిడెన్సీలో, కొందరం నిజాం రాజ్యంలో ఉన్నాం. ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956 నవంబర్ 1న. ఆ 1914 చట్టమేమో 1939లో కొత్త చట్టం రాగానే పోయింది. ఇప్పుడు నడుస్తున్నది 1988 నాటిది. అంటే చట్టం చచ్చిన పదిహేడేళ్లకు పుట్టిన రాష్ట్రం చేత ఆ చట్టం పేరు చెప్పి పళ్లు తోమిస్తున్నారు. జాతకాలు రాసేవాళ్లకైనా ఇంత ధైర్యం ఉండదు.

అలాగని ఆ మాటలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు ఉద్యోగాల ప్రకటన తీసి, శారీరక అనర్హతలు ఉన్న పేజీ చూడండి. పావురం ఛాతీ ఉంది, చదును పాదం ఉంది, పుచ్చిపళ్లు ఉన్నాయి, నత్తి కూడా ఉంది. ఎవడో ఒకడు ఇలాంటి జాబితానే చూసి, దానికి 1914 అనే వయసు కట్టబెట్టి, పురావస్తువుగా అమ్మేశాడని నా అనుమానం. పాతదైతే వింత, కొత్తదైతే ఉద్యోగ ప్రకటన! నత్తి ఉన్నవాడు పోలీసుకి పనికిరాడు సరే. స్టేషన్ మెట్లెక్కిన ముసలాయన్ని ‘ఏరా’ అని పిలిచే నోటికి మాత్రం ఏ ప్రకటనలోనూ అనర్హత లేదు.

ఇంకో ముక్క 1867 సరాయిల, అంటే సత్రాల, చట్టం గురించి. ఎంత పెద్ద హోటల్లోకైనా దర్జాగా వెళ్లి, ఆ చట్టం పేరు చెప్పి, మంచినీళ్లు తాగి, టాయిలెట్ వాడుకుని రావచ్చట. వెంట కుక్కపిల్ల ఉంటే దానికీ అదే మర్యాదట. చట్టంలో నిజంగా ఉన్నది వేరు. సరాయి నడిపేవాడు పేరు నమోదు చేయించుకోవాలి, గదులూ కాలువలూ బావులూ శుభ్రంగా ఉంచాలి. ఉచితం అన్న ఊసే లేదు. నమ్మకం కుదరకపోతే కుక్కపిల్లని చంకన పెట్టుకుని బంజారాహిల్స్‌లో ఏ నక్షత్రాల హోటల్ గుమ్మం ముందైనా ఆ చట్టం చదివి చూడండి. గేటు దగ్గర సెక్యూరిటీ అతనే తీర్పు చెబుతాడు.

నిజమైనవీ లేకపోలేదు. 1934 విమాన చట్టం ప్రకారం గాలిపటం కూడా విమానమే. పాత చట్టం కదా, చాదస్తం అనుకుందాం. దాని స్థానంలో 2024లో భారతీయ వాయుయాన్ అధినియమ్ తెచ్చారు. పేరు మార్చారు, గాలిపటాన్ని మాత్రం దింపలేదు. కాబట్టి సంక్రాంతికి ధూల్‌పేటలో అమ్ముతున్నవి విమానాలు, కొంటున్న పిల్లలు విమానయాన సంస్థలు. ఎవర్నీ అరెస్టు చేయరు, చేయకూడదు కూడా. కానీ 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించిన నైలాన్ మాంజా మాటేమిటి? అది ఏటా దొరుకుతూనే ఉంది, జనవరిలో బైకుల మీద వెళ్లేవాళ్ల గొంతులు తెగుతూనే ఉన్నాయి. పటం మీద చట్టం 90 ఏళ్లుగా చెక్కుచెదరలేదు, దారం మీద నిషేధం ఒక్క పండక్కీ నిలవలేదు.

1878 నిధి నిక్షేపాల చట్టం కూడా నిజమే. భూమిలో దాగి ఉన్నది పది రూపాయలకు మించి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి, దాస్తే ఏడాది దాకా జైలు. 1878లో పది రూపాయలంటే పెద్ద సొమ్మే. ఇప్పుడు పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా మన కిరాణా కొట్టువాళ్లు పుచ్చుకోరు. కొట్టువాడు వద్దన్న ఆ నాణేలు రెండు భూమిలో దొరికితే కలెక్టరు మాత్రం నిధిగా లెక్కపెట్టాలి.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. జాబితాలు రాసేవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. వాళ్లు ముట్టుకోని ఒక చట్టం హైదరాబాదులో ఉండేది. 1329 ఫసలీ, అంటే 1919లో నిజాం సర్కారు హిజ్రాల మీద తెచ్చినది. నగరంలో ఉన్న హిజ్రాల్లో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరులో ఉన్నవాళ్లు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, ఆడి పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి రాష్ట్రం వచ్చింది, విడిపోయింది. ప్రతి మలుపులోనూ ఎవరో ఒక అధికారి ఆ ఫైలు తెరిచి, రాష్ట్రం పేరు దిద్ది, మళ్లీ మూసేశాడు. లోపల ఏముందో చదవలేదా, చదివి బాగుందనుకున్నాడా? 2018లో హైకోర్టు దాన్ని ఆపింది, 2023 జులైలో కొట్టేసింది. కొట్టేయమని కోర్టుకి ఎక్కింది ట్రాన్స్‌జెండర్లే. శాసనసభ మాత్రం దాన్ని రద్దు చేయలేదు.

కోర్టు కొట్టేస్తే చట్టం చచ్చినట్టే అనుకుంటే అదీ అమాయకత్వమే. సోషల్ మీడియా పోస్టులకి జైలు చూపించిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు రాస్తూనే వచ్చారు. 2021లో ఈ సంగతి విని జడ్జీలు నివ్వెరపోయారు. అప్పుడు కేంద్రం తరఫు పెద్ద లాయరు చెప్పిన కారణం చిరస్మరణీయం: సెక్షన్ పుస్తకంలో అలాగే ఉంది, కొట్టేశారన్న సంగతి పేజీ అడుగున ఫుట్‌నోట్‌లో ఉంది, కేసు రాసే పోలీసు అంత కిందికి చూడడు. అంటే ఈ దేశంలో మీ మాటకున్న స్వేచ్ఛ చిన్నక్షరాల్లో ఉంది.

ఇక మనందరికీ ఇంటి చుట్టం లాంటిది 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు రాసుకున్న చట్టం అది. ఊరేగింపుకి, సభకి తమ లైసెన్సు తీసుకోవాలని పోలీసులు ఆదేశించవచ్చంటుంది. 2022 డిసెంబర్‌లో కందుకూరులో, ఆ వెంటనే గుంటూరులో సభల దగ్గర తొక్కిసలాటలు జరిగి మనుషులు పోయారు. వాటిని చూపించి 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం ఈ సెక్షన్ ఆధారంగా జీవో నంబర్ 1 ఇచ్చి, రోడ్ల మీద సభలకి గొళ్లెం పెట్టింది. ప్రతిపక్షం ‘బ్రిటిష్ చట్టం’ అని ధ్వజమెత్తింది. హైకోర్టు మే నెలలో జీవోను కొట్టేసింది. 2024లో కుర్చీలు అటూ ఇటూ అయ్యాయి. ఆ సెప్టెంబర్‌లోనే తిరుపతిలో సెక్షన్ 30 అమల్లో ఉందని పోలీసులు ప్రకటించారు. ఈసారి ధ్వజమెత్తే పని కొత్త ప్రతిపక్షానిది. పాత గొంతుకు కొత్త కండువా.

2014 తర్వాత పనికిరాని చట్టాలు 1,500కు పైగా రద్దు చేశామని కేంద్రం గొప్పగా చెబుతుంది. అందులో 750కి పైగా ఒకే దెబ్బకి 2016లో రద్దయినవి. అవన్నీ ఎప్పుడో ఖర్చైపోయిన డబ్బుకి ఇచ్చిన అనుమతులు. వాటిని తీసేస్తే ఎవరికీ ఏమీ పోదు, అందుకే తీసేశారు. 2024 జులై 1న పీనల్ కోడ్‌ను మార్చి వలస పాలన వాసనలు వదిలించామన్నారు. 1860 నాటి ఆ కోడ్ పోయింది. ఏడాది తర్వాత పుట్టిన పోలీసు చట్టం జోలికి వెళ్లలేదు. అది పనికొచ్చే చట్టం మరి, ఎవరు గెలిచినా వాళ్లకి పనికొస్తుంది.

రేపు పేపర్లో మీ జిల్లా పేజీ తిప్పండి. ఏదో ఒక మూల నాలుగు లైన్లలో, ‘నెలాఖరు వరకు సెక్షన్ 30 అమలు: డీఎస్పీ’ అని కనబడవచ్చు. కనబడితే కత్తిరించి ఆ వాట్సాప్ గ్రూపులోనే పెట్టండి, ఇన్‌స్పెక్టరు గారి పళ్ల కిందనే. దాని గురించి మీ ఎమ్మెల్యేని అడగండి. అధికారంలో ఉన్న ఆయన్నీ, ఓడిపోయిన ఆయన్నీ ఇద్దర్నీ అడగండి.