పారసీక రాకుమార సంక్షేపసూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించి వాటి గుట్టు విద్యార్థులకెల్ల విప్పి చూపిన మల్లినాథసూరి నేటి మెదకు జిల్లాలోని కొల్చారమువాడని పెద్దలు చెప్పుదురు. ఆయనకు వ్యాఖ్యానింప మహాకావ్యములు దొరికినవి. నాకు దొరికినది ఒకే యొక పంక్తి. అదియు నల్లని తెరమీద టైపు చేసి ఎంటరు మీట నొక్కినంతనే ఫలించు నాజ్ఞ. అయినను, పదమునకొక యర్థమును, పదము తప్పిన నొక యనర్థమును గల యీ పంక్తికి టీక లేకుండుట లోపమని తోచి, ఎవ్వరును కోరకున్నను, ఈ పనికి పూనుకొంటిని.

సందర్భమిది. జోర్డాన్ మెక్‌నర్ 1989లో ఆపిల్ 2 యంత్రమునకై వెలువరింపగా పిమ్మట డాసు కంప్యూటర్లకు వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అను ఆటను, మా యూరి కంప్యూటరు శిక్షణాలయమున, మాస్టారు టీ త్రాగుటకు వీధిలోనికి పోయిన పది నిమిషములలో, ఒకడు మీటలు నొక్కుచుండ నలుగురు వాని భుజములమీదుగా వంగి చూచుచు ఆడిన గుంపులో నేనొకడను. ఇటీవల డాస్‌బాక్సునందు దానిని మరల ఆడి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్5 మీటలను ఒక్కుమ్మడి నొక్కి రికార్డు చేసి, విదేశమున నున్న మేనల్లునికి పంపదలచితిని. ఆ రికార్డు జెడ్‌ఎంబీవీ అను పద్ధతిలో నుండును. అందు ఒక్క చుక్కయు పోదు గాని, సాధారణముగా ఫోనులు దాని ముఖమెరుగవు. దానిని చెడకుండ, చిన్నదిగా, అందరును చూడదగినదిగా మార్చు సూత్రమిట్లున్నది.

మూలము

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ రాకుమారుడు.ఏవీఐ -వీఎఫ్ స్కేల్=1600:1200:ఫ్లాగ్స్=నైబర్ -సీ:వీ లిబ్‌ఎక్స్264 -ప్రీసెట్ స్లోయర్ -సీఆర్‌ఎఫ్ 18 -పిక్స్_ఫ్మ్‌ట్ వైయూవీ420పీ -సీ:ఏ ఏఏసీ -బీ:ఏ 160కె -మూవ్‌ఫ్లాగ్స్ +ఫాస్ట్‌స్టార్ట్ రాకుమారుడు.ఎంపీ4

టీక

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్: సంబోధనము. ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో ఆరంభించిన పనిముట్టు పేరు. మొదటి రెండక్షరములకు ఫాస్ట్ ఫార్వర్డ్ అని విగ్రహము. వాక్యమంతయు వెదకినను క్రియాపదము కనబడదు గనుక ‘మార్చుము’ అని అధ్యాహారము చేసికొనవలెను. -ఐ: దీని తరువాతి పదము కర్మ. వాక్యాంతమున నున్న పేరు ఫలము. కర్మకును ఫలమునకును ఒకే పేరు పెట్టి, చివరి మూడక్షరములు మాత్రము మార్చుట సంప్రదాయము. అవియు మార్చక పాత రికార్డునే చెరుపబోయినచో ఆ పనిముట్టు తానే నిరాకరించును. ఇంతటి వివేకము మనుష్య భృత్యులయందు దుర్లభము.

స్కేల్=1600:1200: ఇచ్చట విమర్శకులు తొందరపడి శంకింతురు. ఫైలు చిన్నది కావలెనని బయలుదేరినవాడు 320 చుక్కల వెడల్పును 200 చుక్కల యెత్తును గల బొమ్మను, అనగా 64,000 చుక్కలను, 19,20,000 చుక్కలుగా, ముప్పది రెట్లు, పెంచుట ఏమి న్యాయము? చిక్కిపోదలచి విందుకు బోయినట్లున్నదే యని. సమాధానము చెప్పుచున్నాను. ఆనాటి మానిటర్ల వెడల్పు ఎత్తులు నాలుగింట మూడు పాళ్లు. ఆ చట్రమున 320, 200 నిండుటచే ఒక్కొక్క చుక్కయు వెడల్పుకంటె కొంచెము పొడవై యుండెడిది. నేటి తెరల చుక్కలు చదరములు. ఉన్నది ఉన్నట్లు చూపినచో రాకుమారుడు అణగి, పొట్టివాడై, అంతఃపుర రక్షకుని వలె కనబడును. అడ్డముగ ఐదు రెట్లును నిలువున ఆరు రెట్లును పెంచగా 1600, 1200 అగును. శేషము లేదు, నాలుగింట మూడును కుదిరినది. ఈ లెక్క తేలిన రాత్రి నాకు కలిగిన యానందము ఏ ఛందోగణము కుదిరినప్పుడును కలుగలేదు.

నైబర్: పొరుగువాడు. ఈ మాట చెప్పనిచో పనిముట్టు చుట్టుపట్ల చుక్కల రంగులను కలిపి, నునుపు చేసి పెంచును. అంచులన్నియు వానలో తడిసిన ముగ్గు వలె నగును. చెప్పినచో అతి సమీపమున నున్న చుక్క రంగునే యథాతథముగ తీసికొనును, కలపదు. కెమెరా తీసిన బొమ్మకు నునుపు శోభ. కంప్యూటరు గీసిన బొమ్మకు అంచే ప్రాణము.

పిక్స్_ఫ్మ్‌ట్: ఉత్తరపదమున అచ్చు ఒక్కటియు లేదు. వైయాకరణులు దీనిని పదముగా నంగీకరింపకపోవచ్చును. ‘ఫార్మాట్’ అని విప్పి చదువుకొనవలెను. వైయూవీ420పీ: మనుష్యనేత్రము వెలుగునీడలయం దెంత నిశితమో రంగులయం దంత నిశితము కాదు. ఆ మాంద్యమును కనిపెట్టిన శాస్త్రజ్ఞులు, వెలుగును చుక్కచుక్కకు వ్రాసి, రంగును మాత్రము అడ్డముగ రెండు, నిలువున రెండు, వెరసి నాలుగు చుక్కలకు ఉమ్మడిగ నొక్కటి వ్రాసిరి. దీనితోనే సగము బరువు తగ్గును. సినిమాలో నాయిక చెక్కిలి యెరుపు ఇంచుక పక్కకు జారినను పట్టించుకొనువాడు లేడు. ఈ యాటలోనో, తెర యడుగున ఎడమమూల నున్న చిన్న యెర్రని త్రికోణములే రాకుమారుని ప్రాణములు. కత్తివేటు పడినపుడెల్ల ఒకటి తగ్గును. పెంచని బొమ్మకు ఈ పొదుపు వర్తింపజేసినచో ఆ త్రికోణముల యంచులు నల్లని నేలలోనికి మురికిగా కరగిపోవును. ముందే పెంచినచో ఒక్కొక్క చుక్క ముప్పది చుక్కల పలక యగును గనుక, నాలుగింటికొక రంగు చొప్పున పంచినను నష్టము కానరాదు. (ఐదు బేసి సంఖ్య యగుటచే నిలువు అంచులలో నక్కడక్కడ ఇంచుక కలయిక తప్పదని సూక్ష్మదర్శు లందురు, ఒప్పుకొనుచున్నాను.) కావున పెంపు దుబారా కాదు, రంగులకు చేసిన బీమా.

పాఠాంతరము: కొందరు ఈ పదమును విడిచి పఠింతురు, మొదట నేనును విడిచితిని. అపుడు పనిముట్టు రంగులను పొదుపు చేయక 444 అను నిండు లెక్కన వ్రాసెను. నా కంప్యూటరున బొమ్మ దివ్యముగ నుండెను. మేనల్లుని ఫోనున తెర నల్లనై, కత్తుల ఖణఖణ మాత్రము వినవచ్చెనట. ‘మామయ్యా, రేడియో నాటకం పంపావా?’ అని అతడు సందేశము పెట్టెను. కావున ఈ పాఠము త్యాజ్యము.

లిబ్‌ఎక్స్264: 2003లో ఖాయమైన హెచ్264 ప్రమాణమున వ్రాయు లేఖకుడు. దాని తరువాత 265యు, ఏవీ1యు మరింత పొదుపరులై పుట్టినను, పాత ఫోనులకు సైతము తెలిసిన భాష ఇదియే. ఇతడు ప్రతి చిత్రమును పూర్తిగ వ్రాయడు. ఎప్పుడో ఒకమారు ఒక చిత్రమును సమగ్రముగ వ్రాసి, కొన్నింటిని సింహావలోకన న్యాయమున వెనుకటి చిత్రమును చూచి, మారినంత మేరకే వ్రాయును. మరికొన్నింటిని గడపమీది దీపము ఇంటికిని వీధికిని వెలుగిచ్చునట్లు, దేహళీదీప న్యాయమున, గతము నుండియు రాబోవు దాని నుండియు ఎత్తి కూర్చును. సెకనుకు సుమారు 70 చిత్రములు తీసిన యీ రికార్డులో, కోట గోడ కదలదు, దివిటీ మంట మాత్రమే యాడును. రాకుమారుడు మూసిన తలుపు ముందు నిలిచి యాలోచించునంత సేపు లేఖకునికి దాదాపు సెలవే. ముప్పది రెట్లు పెంచినను ఫైలు ముప్పది రెట్లు పెరుగకపోవుటకు రహస్యమిది.

స్లోయర్: మందతరము. స్లో యనగా మందము, దానికి తరప్రత్యయము చేరినది. నెమ్మదిగ వెదకినకొలది, అదే నాణ్యతకు ఫైలు సాధారణముగ చిన్నదగును. ఈ వరుసకు కొసన ‘ప్లాసిబో’ అను మెట్టు కలదు. మందు లేని మాత్ర యని యర్థము. రాత్రియెల్ల కంప్యూటరును కాల్చి, ఉదయమున భేదము కానక, అయినను తృప్తి పడువారికై దీనిని నిర్మించిరి. నిర్మాతల హాస్యప్రియత్వమునకు జోహారు.

సీఆర్‌ఎఫ్ 18: జల్లెడ కన్ను. 0 మొదలు 51 వరకు సంఖ్యలు కలవు. ఏమియు చెప్పనిచో 23. సంఖ్య పెరిగిన కన్ను పెద్దదై సూక్ష్మములు రాలిపోవును. ఆరు మెట్లు పెరిగినచో కన్ను సరిగా రెట్టింపగును. ఫైలు ఇంచుమించు సగమగును. సెకనుకింత యని ముందే కొలత బిగించుట కంటె ఇది మేలు; ఏలయన, నిలుచున్న రాకుమారునికిని పోరాడు రాకుమారునికిని ఒకే కొలత వడ్డించుట, ఉపవాసికిని రైతుకూలీకిని ఒకే విస్తరి వేయుట వంటిది. ఏ సంఖ్య తగునో స్థాలీపులాక న్యాయమున ఒక నిమిషము ముక్కను మార్చి చూచి తేల్చుకొనవచ్చును గాని, ఆ మెతుకును కుండ పైనుండి తీయరాదు. కత్తియుద్ధమున్న చోట, అడుగున, తీయవలెను.

ఏఏసీ, 160కె: రికార్డులోని ధ్వని సెకనుకు 1,76,400 బైట్లు, ఇందు 20,000. చెవికి చాలును. ఫాస్ట్‌స్టార్ట్: మామూలుగ ఫైలు తుదను వ్రాయబడు విషయసూచికను మొదటికి తెచ్చుట, ఫైలంతయు దిగకమునుపే బొమ్మ మొదలగును.

తాత్పర్యము

ఓ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగూ, ఈ రాకుమారుని చుక్కలు చెదరకుండ పెంచి, కన్ను కనిపెట్టలేని దానిని మాత్రము విడిచి, తొందరపడక, ఫోనునకు తెలిసిన భాషలో వ్రాసి యిమ్ము.

విశేషము

మెక్‌నర్ తన తమ్మునిచేత పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ చిత్రములను ఒక్కొక్కటిగ చూచి ఈ రాకుమారుని నడకను గీసెను. వీడియో టేపునుండి పుట్టి చుక్కలైనవాడు నా చేత మరల వీడియో యయ్యెను. ఈ సంగతి మేనల్లునికి సవిస్తరముగ వ్రాసితిని. అతడు ఫైలు చూచి వెంటనే ఫోను చేసెను. ‘బొమ్మ అద్భుతంగా ఉంది మామయ్యా, ప్రతి చుక్కా కనిపిస్తోంది. ఆ ముళ్ల మీద నాలుగుసార్లు పడ్డావేమిటి?’ అని యడిగెను. మూలమున దీనికి సమాధానము లేదు గనుక టీకాకారుడును మౌనము వహించెను.