(అ) వచ్చింది, (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు

శాసనసభలో అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు జాతులు. మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్నను, ఆ జవాబు మీద సభ్యుడు మళ్లీ అనుబంధ ప్రశ్న వేసి గుచ్చడానికి వీలున్న ప్రశ్నను నక్షత్ర గుర్తు గల ప్రశ్న అంటారు. బల్ల మీదికి వచ్చిన కాగితంతో సభ్యుడు తృప్తిపడవలసిన దాన్ని నక్షత్ర గుర్తు లేని ప్రశ్న అంటారు. వీటికి తోడు మూడో జాతి ఒకటుందని, వాగు గురించీ ప్రజల ఆరోగ్యం గురించీ ఒకే కాగితం మీద అడిగిన ప్రశ్నలన్నీ అందులోకే వస్తాయని, అలాంటి ప్రశ్నకు ఏ శాఖా జవాబు ఎగ్గొట్టకపోయినా జవాబు మాత్రం రాకుండా పోతుందని నియమావళిలో ఎక్కడా రాయలేదు గాని, బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని తారానగర్‌ను నమూనాగా తీసుకుంటే ఈ మూడో జాతి లక్షణాలను నిర్ధారించడం పరిశోధకులకు పెద్ద కష్టం కాదు.

తారానగర్ దగ్గర నారిహళ్ల మీద కట్టిన జలాశయం సండూరు పట్టణానికీ చుట్టుపక్కల ఊళ్లకూ తాగునీటి ఆధారం. కన్నడంలో హళ్ల అంటే వాగు. సండూరు లోయను కోటగోడల్లా మూసిన ఇనుప కొండల మధ్య పడమట ఓబళగండి, తూర్పున భీమగండి అని రెండు గండ్లు ఉన్నాయి. లోయలో పడిన వాన చాలామటుకు ఈ వాగులోకే దిగుతుంది. జలాశయం దాటిన నీళ్లు దరోజి చెరువుకు చేరి, చివరకు తుంగభద్రలో కలిసి, మంత్రాలయం మీదుగా సుంకేసులకూ కర్నూలుకూ పోతాయి. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను పంచుకున్నప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్లారి మైసూరుకూ వెళ్లాయి. తాలూకాలను పంచారు, భాషలను లెక్కపెట్టారు, ఒక న్యాయమూర్తి చేత విచారణ కూడా చేయించారు. బురద ఎవరి వాటాకు వస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

బురద ఇక్కడ అలంకారం కాదు, ముఖ్య పాత్ర. ఖనిజం దొరికేదాకా తవ్వి పక్కన పోసే పనికిరాని మట్టినీ రాళ్లనూ గనుల పరిభాషలో ఓవర్‌బర్డెన్ అంటారు. ఆ గుట్టలకు సరైన అడ్డుగోడలు, వాగుల మొదళ్లలో చెక్‌డ్యాములు లేకపోతే తొలి వానకే మట్టి, దానితోపాటు ఖనిజపు పొడి, కిందికి దిగుతాయి. అలాంటి నీళ్లను గాజు గ్లాసులో పోసి కిటికీలో పెడితే ముందు ఇసుక దిగుతుంది, తర్వాత ఒండ్రు దిగుతుంది, ఆ తర్వాత కూడా ఇటుక రంగు తెర ఒకటి గ్లాసు మధ్యలో కదలకుండా నిలిచి ఉంటుంది. పటిక వేసి కలిపితే గాని ఆ సన్నటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కు చేరవు. ఈ మసకదనాన్ని టర్బిడిటీ అంటారు. భారత తాగునీటి ప్రమాణాల ప్రకారం అది 1 యూనిట్‌లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 5 దాకా ఓర్చుకోవచ్చు. రంగు చూసి జనం ముక్కు విరవడం ఒక్కటే ఇందులో సమస్య అయితే ప్రభుత్వాలు హాయిగా నిద్రపోవచ్చు. అసలు సంగతేమిటంటే నీళ్లలో వేసిన క్లోరిన్‌ను ఈ మడ్డి కొంత మింగేస్తుంది, మిగిలిన క్లోరిన్ తమ దాకా రాకుండా సూక్ష్మజీవులు రేణువుల చాటున దాక్కుంటాయి. అంటే కొండ మీద కట్టని అడ్డుగోడ ఊళ్లో వాంతులూ విరేచనాలుగా తేలవచ్చు. ఈ రెండు కొసలనూ కలిపి చూపే దారం ప్రకృతిలో ఉంది గాని సచివాలయంలో లేదు.

సచివాలయంలో ఏముందో తెలియాలంటే ఒక ప్రశ్నను ఊహించుకోవాలి. కాగితానికి ఎడమ గడిలో ప్రశ్న, కుడి గడిలో జవాబు, పైన సభ్యుని పేరు, జవాబివ్వవలసిన తేదీ, కింద మంత్రి సంతకం. ఎడమ గడిలో (అ) తారానగర్ జలాశయంలో పూడిక పేరుకుంటున్న విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, (ఆ) వస్తే ఆ నీళ్లు తాగే జనం ఆరోగ్యం మీద ప్రభావం ఎంత, (ఇ) దీనికి బాధ్యులెవరు, (ఈ) పూడిక ఎప్పుడు తీస్తారు అని సభ్యుడు రాశాడనుకుందాం. కాగితం ముందు జలవనరుల శాఖకు వెళుతుంది. జలాశయం తమదే గాని అందులోకి ఏం వచ్చి పడుతుందన్నది గనుల శాఖ పరిధి అని వారంటారు. గనుల శాఖ ఖనిజం బయటికి పోయేటప్పుడు తూస్తుంది, వాగులోకి పోయేటప్పుడు తూయదు. అది కాలుష్య నియంత్రణ మండలి పని. మండలి నీటి నమూనా తీస్తుంది గాని కొళాయి దగ్గర తీయదు. అది పట్టణంలోనైతే నీటి సరఫరా మండలిదీ, పల్లెలోనైతే గ్రామీణ తాగునీటి శాఖదీ. కొళాయి దాటి కడుపులోకి వెళ్లాక ఆరోగ్య శాఖ బాధ్యత మొదలవుతుంది, ఆ శాఖ రోగిని చూస్తుంది గాని వాగును చూడదు. కొండ మీది చెట్ల సంగతి అటవీ శాఖది. వీరిలో ఒక్కరు కూడా అబద్ధమాడలేదన్నది ఇక్కడ గమనించదగ్గ విశేషం. ఎవరికి వారే యమునా తీరే అన్న సామెతలో నది పేరును బళ్లారి జిల్లా వరకు సవరించుకుంటే సరిపోతుంది. చివరకు కుడి గడిలో తేలేది ఇది: (అ) వచ్చింది, (ఆ) ఆరోగ్య శాఖకు సంబంధించినది, (ఇ) పై (ఆ) దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదు, (ఈ) సమాచారం సేకరించడం జరుగుతోంది.

పూడిక తీయడంలో ఒక ధర్మసందేహం కూడా ఉంది. మామూలు మట్టి చిన్న ఖనిజాల కిందికి వస్తుంది, ఇనుప ఖనిజం పెద్ద ఖనిజాల కిందికి వస్తుంది, ఒకదానికి ఒక రకం అనుమతి, రెండోదానికి వేరే అనుమతి. మరి కొండ నుంచి కొట్టుకొచ్చి జలాశయం అడుగున చేరిన ఎర్ర మడ్డిని ఎత్తితే అది పూడికతీతా, గనితవ్వకమా? న్యాయకోవిదులు దీన్ని తేల్చేలోపు మరో రెండు వానాకాలాలు గడిచి, సందేహం పరిమాణం పెరుగుతుంది.

అడిగేవారు లేక ఈ స్థితి వచ్చిందనడం చరిత్రకు అపచారం. బళ్లారి గనుల మీద ప్రశ్న అడిగిన తీరులో తెలుగు సినిమాలకు తీసిపోని ఘట్టం 2010 జులైలో కర్ణాటక శాసనసభలో జరిగింది: గనుల యజమానులైన రెడ్డి సోదరుల సవాలుకు ప్రతిపక్ష నాయకుడు సిద్ధరామయ్య సభలోనే తొడ కొట్టి, ఆ నెల 25న బెంగళూరులో బయలుదేరి, దాదాపు 320 కిలోమీటర్లు నడిచి ఆగస్టు 9న బళ్లారి చేరారు. ఆనాటి మంత్రివర్గంలో గాలి కరుణాకరరెడ్డి రెవెన్యూ మంత్రి, జనార్దనరెడ్డి పర్యాటక మంత్రి, వారి సన్నిహితుడు శ్రీరాములు ఆరోగ్య మంత్రి. భూమి, దాన్ని చూడవచ్చే యాత్రికులు, దాని దుమ్ము పీల్చే ఊపిరితిత్తులు మూడూ ఒకే జిల్లా చేతిలో ఉన్న అరుదైన కాలమది. ఆరోగ్యానికీ బళ్లారికీ ఉన్న చుట్టరికం అంతటితో తెగలేదు: సండూరు సభ్యుడు తుకారాం 2018 చివర్లో వైద్య విద్యాశాఖ మంత్రి అయ్యారు, 2019లో శ్రీరాములు మళ్లీ ఆరోగ్య శాఖకు వచ్చారు. ఇన్నిసార్లు ఆరోగ్య సంబంధ శాఖలు వెతుక్కుంటూ వచ్చిన జిల్లా ఎంత ఆరోగ్యంగా ఉండాలో పాఠకులు ఊహించుకోవచ్చు.

2011 జులై 27న లోకాయుక్త సంతోష్ హెగ్డే తుది నివేదిక ఇచ్చి, 2006 నుంచి 2010 దాకా ఖజానాకు వాటిల్లిన నష్టాన్ని 16,085 కోట్ల రూపాయలుగా అంచనా కట్టారు. రెండు రోజులకు సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలు ఆపింది. నాలుగు రోజులకు ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేశారు. ఖజానా నష్టానికి అంకె ఉంది, వాగు నష్టానికి అలాంటి అంకె జనం నోట లేదు. 2013 ఏప్రిల్‌లో కోర్టు గనులను మూడు తరగతులుగా విడగొట్టి, ఏడాదికి బళ్లారిలో 25 మిలియన్ టన్నులకు మించి తవ్వరాదని హద్దు పెట్టింది. ఆ హద్దు 2017లో 28కి, 2022లో 35కి ఎదిగింది. ఈ మొత్తం వ్యవహారంలో అడక్కుండానే ఎదిగే గుణం ఉన్నది ఆ ఒక్క అంకెకే అంటే అన్యాయం, దాన్ని ఎదగమని అడిగినవారు చాలామందే ఉన్నారు. ఇక 2010లో నడిచి వచ్చి ప్రశ్న అడిగిన నాయకుడు 2013లో ఒకసారి, 2023లో మరోసారి ముఖ్యమంత్రి అయి, కుడి గడి వైపుకు మారారు. ఎడమ గడి ఖాళీగా ఉండదు కదా, ఇప్పుడు అటువైపు వారు ఇటు కూర్చుని అవే ప్రశ్నలు అడుగుతున్నారు.

డబ్బు లేక పనులు ఆగాయని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాన్ని బాగుచేయడానికి ఖనిజం అమ్మకపు సొమ్ములో వాటా కోసి, 2014లో కర్ణాటక గనుల పర్యావరణ పునరుద్ధరణ సంస్థను పెట్టారు. దాదాపు 25,000 కోట్ల ప్రణాళిక వేశారు. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలన్న వివాదం తెమిలి, విశ్రాంత న్యాయమూర్తి సుదర్శన్‌రెడ్డిని పర్యవేక్షణకు సుప్రీంకోర్టు నియమించేసరికి 2022 వచ్చింది. ఎనిమిదేళ్లలో డబ్బు మీద వడ్డీ, జలాశయంలో ఒండ్రు క్రమం తప్పకుండా పేరుకున్నాయి. దీనికి తోడు 2015 చట్టంతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం అందులో ముందు వరుస పద్దులు. ఈ నిధుల నిర్మాణంలో ఒక సొగసు ఉంది: ఎంత ఎక్కువ తవ్వితే ఆరోగ్యానికి అంత ఎక్కువ డబ్బు వస్తుంది కాబట్టి, ఆసుపత్రికి కొత్త వార్డు కావాలనుకునేవాడు వార్డులోకి వచ్చేవారి సంఖ్య పెరగాలని కూడా న్యాయంగా కోరుకోవాలి.

వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టవలసిన చోటు ఒకటుంది. 2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ కాన్పులయిన ఐదుగురు బాలింతలు తర్వాతి కొద్ది వారాల్లో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అనుమానం వారికి ఎక్కించిన రింగర్స్ లాక్టేట్ మీదికి పోయింది. అది ఒంట్లో నీరూ లవణాలూ తగ్గినప్పుడు నరం ద్వారా ఎక్కించే ద్రావణం, ఊళ్లలో సెలైన్ అని పిలిచే సీసాల్లో ఒకటి. ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేశారు, డిసెంబరులో బెళగావి సమావేశాల్లో ప్రతిపక్షం నిలదీసింది. జవాబులో తేలిన సంగతి ఏమిటంటే, ఆ ద్రావణాన్ని తయారుచేసిన సంస్థ బ్యాచ్‌లలో కొన్నింటిని రాష్ట్ర ప్రయోగశాల నాసిరకమని తేల్చగా కోల్‌కతాలోని కేంద్ర ప్రయోగశాల బాగానే ఉన్నాయని ధ్రువీకరించింది. ఒకే ద్రావణం, రెండు ప్రయోగశాలలు, రెండు ప్రభుత్వాలు. సీసాలోని నీళ్లకే ఈ గతి పట్టినప్పుడు, ఇన్ని శాఖల గుండా పారే వాగు నీళ్లకు ఒకే జవాబు కావాలని పట్టుబట్టే సభ్యుడిది అత్యాశ అనిపించుకుంటుంది.

కొండల సంగతి ఇంకా ముగియలేదు. 2024 జూన్‌లో కేంద్ర ఉక్కు మంత్రి కుమారస్వామి సండూరు అడవుల్లోని దేవదారి గనికి సంబంధించిన దస్త్రం మీద సంతకం చేశారు. అడవిని అప్పగించవద్దని రాష్ట్ర అటవీ మంత్రి తన అధికారులను ఆదేశించారు. సండూరు కొండ మీద శతాబ్దాలుగా కొలువున్న కుమారస్వామికి ఈ సంతకంతో సంబంధం లేదని భక్తులు గమనించాలి. ఆ ఏడాది నవంబరులో సండూరు ఉప ఎన్నిక జరిగి, లోక్‌సభకు వెళ్లిన తుకారాం స్థానంలో ఆయన భార్య అన్నపూర్ణ గెలిచారు, దానితో తారానగర్ ప్రశ్న అడిగే హక్కు ఇల్లు దాటకుండా భద్రంగా చేతులు మారింది.

కిందికి పారే నీళ్ల మీద కర్నూలు సభ్యుడెవరైనా వెలగపూడిలోని ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఇదే ప్రశ్న వేస్తే ఏమవుతుందన్నది ఈ శాస్త్రంలో మిగిలిన చివరి అధ్యాయం. తుంగభద్ర బోర్డు 1953 నుంచి ఉంది గాని దాని పరిధి ఆనకట్ట, ఉమ్మడి కాలువలు; నారిహళ్ల కలిసేది ఆనకట్టకు దిగువన కాబట్టి బోర్డుకు సంబంధం లేదు. ఆ కాగితం కుడి గడిలో ఏం రాస్తారో ముందే చెప్పవచ్చు: (అ) వచ్చింది, (ఆ) సదరు వాగు పొరుగు రాష్ట్రంలో ఉన్నది, (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు, (ఈ) కర్ణాటక ప్రభుత్వానికి లేఖ రాయడమైనది, జవాబు అందిన వెంటనే సభా సమక్షంలో ఉంచడం జరుగుతుంది.