వర్షమాపకం మొర

నేను వర్షమాపకాన్ని. ఆఫీసు వాళ్ల నోట రెయిన్ గేజ్‌ని. ఇచ్ఛాపురంలో ఓ సర్కారీ ఆవరణలో ఏళ్ల తరబడి కొలువు చేసి, ఇప్పుడు విరిగిన కుర్చీల వెనక పడి ఉన్నాను.

ఫైబర్ ఒళ్లు, పైన గరాటు, లోపల సీసా. అంతే నా నిర్మాణం. నా నోరు 200 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు నాలో చేరేది 20 మిల్లీలీటర్లే. అంత చిన్న నోటితో మండలం వానకంతా సాక్ష్యం చెప్పాలి కనుక నాకు పట్టింపులెక్కువ. పక్కన చెట్టూ గోడా ఉండకూడదు. పొద్దున 8:30కే కొలవాలి. వేళ తప్పితే ఇవాళ్టి వాన నిన్నటి ఖాతాలో పడుతుంది.

మొదటి అటెండరు చినుకు లేని రోజున కూడా సీసా తీసి చూసి 'సున్నా' అని రాసేవాడు. ఆ సున్నాలు నాకు గర్వకారణం. 2.5 మిల్లీమీటర్లయినా కురిస్తేనే వానరోజు కింద లెక్క. ఎండిన రోజులు నమోదు కాకపోతే కరువును దేంతో రుజువు చేస్తారు?

తర్వాత వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడే కొలిచారు.

"రాత్రి ఎంత పడిందిరా?"

"గట్టిగానే పడింది బాబూ, ఓ ఇరవై ఏసీండి."

నా కడుపులో ఎంతుందో ఎవరూ చూడలేదు. గరాటులో జీడాకులు కుళ్లాయి. పక్కన సరదాగా నాటిన మొక్క చెట్టై, నా నెత్తిన కొమ్మ చాచింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. తీరం దాటాక తుపాను ఈశాన్యానికి మళ్లింది. ఒడిశా కొండల మీద కుండపోత కురిసింది. బాహుదా, వంశధార పొంగాయి. అంత గాలిలో చినుకులు అడ్డంగా పరుగెడతాయి, నా నోటిని దాటి పోతాయి. అసలు కురిసినదానికన్నా నేను చూపేది తక్కువే. ఆ లోటు ఎందుకొస్తుందో శాస్త్రవేత్తలకు తెలుసు, సవరించుకుంటారు. గుమ్మంలో పుట్టిన 'ఇరవై'ని ఎవరు సవరిస్తారు?

ఇప్పుడు నా పని ఆటోమేటిక్ కేంద్రానిది. సోలార్ పలక, లోపల నిండగానే బోర్లపడే చిన్న దొన్నె. ఒక్కో బోర్లపాటూ ఒక లెక్క. 8:30 దాకా ఆగక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. దాని మీద నాకు అసూయ లేదు. కానీ దానికీ పైన గరాటే ఉంది. పిట్ట రెట్టలూ ఎండుటాకులూ దానిలోనూ పడతాయి. దారి మూసుకుంటే నీళ్లు దొన్నెలోకి దిగవు. బయట జడివాన కురుస్తున్నా అది శ్రద్ధగా 'సున్నా' అనే పంపుతుంది.

నన్ను మళ్లీ నిలబెట్టమని అడగను. అక్టోబర్ తుపాన్లు రాకముందే ఒక్కసారి దాని గరాటు తుడవండి.