పెళ్లయ్యాక స్వయంవరం

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన కుర్రాడు ఒక్కడు కాదు, ఇద్దరు. ఒకడు పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి, స్టాండప్ మీటింగులో నిన్న చెప్పిందే కాస్త అటూ ఇటూ మార్చి చెప్పి, మధ్యాహ్నం ఆఫీసు మైక్రోవేవ్‌లో రాత్రి మిగిలిన సాంబారన్నం వేడి చేసుకునేవాడు. రెండోవాడు లాయరుగారి ఫైల్లో ఉంటాడు. జీతం మొదటివాడికి వస్తుంది. వీసా మాత్రం రెండోవాడికి వస్తుంది.

ఈ రెండోవాడి తల్లి 1990 నాటి అమెరికా ఇమిగ్రేషన్ చట్టం. హెచ్-1బి వీసా పుట్టింది దాంట్లోనే. ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటానంటే ఈ వీసా ఇవ్వరు. ఆ పనికి ప్రత్యేకమైన విద్య, ఆ విద్యలోనే డిగ్రీ కావాలి. ఆ సంగతి రుజువు చేస్తూ కంపెనీ తరఫున లాయరుగారు సపోర్ట్ లెటర్ రాస్తారు. మనవాడు రోజూ చేసేది, బ్యాంకు వెబ్‌సైట్లో 'సబ్మిట్' నొక్కితే చక్రం ఎందుకు తిరుగుతూనే ఉందో చూడటం. లెటర్లో అదే పని 'బహుళస్థాయి ఆర్థిక లావాదేవీల వ్యవస్థల్లో తలెత్తే సంక్లిష్ట వైఫల్యాల శాస్త్రీయ విశ్లేషణ' అవుతుంది. రోజంతా శాతాలుగా కోసి పెడతారు: విశ్లేషణకు 40, రూపకల్పనకు 35, పరీక్షలకు 25. చక్రం వంక చూస్తూ కూర్చున్న సమయానికి శాతం మిగల్లేదు.

అదే ఫైల్లో, ఉద్యోగికి జీతం ఎంతిస్తామో కార్మిక శాఖకు చెప్పే ఎల్‌సీఏ అని ఇంకో కాగితం ఉంటుంది. కార్మిక శాఖ ఏ ఉద్యోగానికైనా జీతాన్ని నాలుగు మెట్లుగా కట్టింది. మొదటి మెట్టంటే కొత్తగా చేరి, పైవాళ్ల కనుసన్నల్లో పని నేర్చుకుంటున్నవాడు. జీతం తక్కువ కాబట్టి కంపెనీలకు ఆ మెట్టంటే మహా ప్రేమ. దాంతో పై కాగితంలో బృహస్పతిగా వెలిగినవాడు కింది కాగితానికి వచ్చేసరికి పలక పట్టుకుని కూర్చునేవాడు. ఎన్నో ఏళ్లు ఇలాగే నడిచింది. 2017లో ఇమిగ్రేషన్ అధికారులకు ఏం బుద్ధి పుట్టిందో, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఇంకా ఆధారాలు చూపమనే ఆర్‌ఎఫ్‌ఈలు వర్షంలా కురిశాయి. అప్పుడు లాయర్లు, బృహస్పతి కూడా ఒకప్పుడు బాలుడేనని నిరూపిస్తూ పుటలకు పుటలు జవాబులు రాశారు. ఫీజు వేరే.

ఇంతటి మేధావిని అమెరికా ఎలా ఎంచుకుంటుంది? చీటీలు తీసి. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడే మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. 2024 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,884. అంతమంది మేధావులు ఉన్నారని కాదు. ఒక్క మనిషికే నాలుగైదు కంపెనీలు చీటీలు వేశాయి, అందులో మన కన్సల్టెన్సీల చేతివాటం మనకు తెలియనిదా! మరుసటి ఏడు నుంచి కంపెనీలెన్ని ఉన్నా మనిషికి ఒకటే లెక్క అన్నారు. ఇప్పుడేమో జీతం మెట్టును బట్టి చీటీలన్నారు: నాలుగో మెట్టువాడికి నాలుగు, పలక పట్టినవాడికి ఒకటి. అంతకుముందే, 2025 సెప్టెంబరులో, బయటి దేశం నుంచి కొత్తగా ఒకణ్ని తెచ్చుకోవాలంటే లక్ష డాలర్లు కట్టమని ట్రంప్‌గారు ప్రకటన చేశారు. తర్కంలో తప్పేముంది? అంతటి బృహస్పతి అని మీరే రాశారుగా! ఇక ఈ వ్యవహారం మొత్తంలో ఫీజు అడగనివాడు వీసాల దేవుడు చిలుకూరు బాలాజీ ఒక్కడే. ఆ గుళ్లో హుండీయే లేదు.

అసలు వినోదం గ్రీన్‌కార్డు దగ్గర ఉంది.

కంపెనీ గ్రీన్‌కార్డుకు పెట్టాలంటే మామూలుగా ముందు పెర్మ్ కావాలి. అంటే ఈ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ ఎక్కడా దొరకలేదని కార్మిక శాఖకు చూపించాలి. ఉద్యోగంలో మనవాడు ఏళ్ల తరబడి కూర్చునే ఉంటాడు, అయినా ఆ ఉద్యోగం ఖాళీగా ఉన్నట్టు ప్రకటన ఇవ్వాలి. తాళి కట్టి, పిల్లలు పుట్టాక, పెళ్లికూతురికి స్వయంవరం చాటించడం అన్నమాట. చాటింపు ఎలా వేయాలో కూడా చట్టం చెప్పింది: రెండు ఆదివారాలు దినపత్రికలో, ముప్పై రోజులు రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో, పది పనిదినాలు ఆఫీసు గోడ మీద. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆదివారం పేపర్లో ఉద్యోగాలు వెతుక్కుంటారని నమ్మే ప్రభుత్వం ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను.

చాటింపు వేసినట్టుండాలి, ఎవరికీ వినపడకూడదు. ఈ విద్యలో పెద్ద కంపెనీలు ఎంతవరకు వెళ్లాయో 2020లో అమెరికా న్యాయశాఖ ఫేస్‌బుక్ మీద వేసిన ఫిర్యాదులో ఉంది. భూగోళం మీద వందల కోట్ల మందికి ప్రకటనలు చూపించే ఆ సంస్థ, ఈ ఉద్యోగాలను తన సొంత వెబ్‌సైట్లో పెట్టలేదట. దరఖాస్తులు పోస్టులో పంపమందట! మామూలు ఉద్యోగానికి వందకు పైగా దరఖాస్తులు వచ్చేచోట, వీటిలో నూటికి తొంభైతొమ్మిది పైగా ఉద్యోగాలకు ఒకటో, సున్నానో వచ్చాయని న్యాయశాఖ లెక్క చెప్పింది. 2021లో 47.5 లక్షల డాలర్ల జరిమానా, బాధితులకు 95 లక్షల వరకు పరిహారంతో రాజీ కుదిరింది. 2023లో ఆపిల్ వంతు వచ్చింది, అదే కాగితం దరఖాస్తుల ఆరోపణ, రెండున్నర కోట్ల డాలర్ల వరకు రాజీ. ఐఫోన్ చేసేవాళ్లకు కూడా తపాలా బిళ్ల మీద అంత మమకారం ఉందని అప్పుడే తెలిసింది.

ఖర్మ కాలి అర్హుడైన అమెరికన్ ఒకడు ఆ ఆదివారం పేపరు చదివి వచ్చాడనుకోండి. వాడికి ఉద్యోగం ఇచ్చి తీరాలని రూలేమీ లేదు. ఫైలు మాత్రం అక్కడితో ఆగిపోతుంది. వచ్చినవాడికి ఉద్యోగం రాదు, ఉన్నవాడికి గ్రీన్‌కార్డు రాదు. ఇద్దరి హక్కులనూ సమానంగా కాపాడిన చట్టం!

పెర్మ్ గట్టెక్కితే క్యూ. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు. ఏ దేశానికైనా మామూలుగా 7 శాతమే పరిమితి, ఇండియాకూ ఐస్‌లాండుకూ ఒకే గీత. 2025 చివర్లో వచ్చిన వీసా బులెటిన్లలో, మాస్టర్స్ కేటగిరీ అయిన ఈబీ-2లో మనవాళ్ల వంతు 2013లో అర్జీ పెట్టినవాళ్ల దగ్గరే ఇంకా తచ్చాడుతుండేది. 2020 అక్టోబరులో ఒకసారి కింది కేటగిరీ అయిన ఈబీ-3 ముందుకు దూకింది. అంతే, మాస్టర్స్ లేనిదే ఈ పని జరగదని అప్పటిదాకా వాదించిన లాయర్లే, మావాణ్ని ఒక మెట్టు కిందకు దించి చూడండి మహాప్రభో అని కొత్త అర్జీలు పెట్టారు. కింది క్యూ నిండి అది కూడా ఆగింది.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారొకరున్నారు. కొడుకు డాలస్‌లో. ప్రతి ఆదివారం వీడియోకాల్‌లో ఒకటే ప్రశ్న.

"లాయరేమన్నాడ్రా?"

"ఆయన నాతో మాట్లాడడు నాన్నా, హెచ్చార్‌తో మాట్లాడతాడు."

"నీ లాయరు నీతో మాట్లాడకపోవడమేమిట్రా?"

"నా లాయరు కాదు నాన్నా, కంపెనీ లాయరు."

"మరి నీ లాయరెవరు?"

"నాకు టెలిగ్రాం గ్రూపు ఉంది."

మాస్టారు ఆ తర్వాత ఏమీ అడగలేదు. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. ఫీజు ఇచ్చేది కంపెనీ, లాయరు వినేది కంపెనీ మాట. కుర్రాడు మెయిల్ పెడితే 'మీ కేసు ప్రాసెస్‌లో ఉంది, మీ ఓపికకు ధన్యవాదాలు' అని పారాలీగల్ నుంచి జవాబొస్తుంది. తనను బృహస్పతి అన్న ఆ ఉత్తరాన్ని కళ్లారా చూడని కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. రేపు కాన్సులేట్ కిటికీ దగ్గర రెండు నిమిషాల్లో ఆ ఉత్తరంలోని మనిషి తానేనని నిరూపించుకోవాల్సింది మాత్రం వాళ్లే.

అందుకని పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు ఈ రెండు ముక్కలు వాళ్ల చెవిన వేయండి. ఎల్‌సీఏ నకలు ఉద్యోగికి ఇచ్చి తీరాలి, సిగ్గుపడకుండా అడగొచ్చు. పెర్మ్‌కు అయ్యే లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, 2007 నుంచీ కార్మిక శాఖ నిబంధన అది. 'సగం నువ్వు వేసుకో తమ్ముడూ, మనలో మనం' అని కన్సల్టెన్సీ అన్నయ్య ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ మాటే మెయిల్లో రాసి పంపమనండి. రాయడు.